చేత్తో గీసి కదిలించే సంక్రాంతి కార్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

ధనుర్మాసం మొదలైందంటే చాలు, నాకు ఒకే రకం సందేశాలు వస్తాయి. "పోయినేడు పంపావు కదా, వేలితో రాస్తే ముగ్గు పడే కార్డు, అది ఎలా చేశావు? మా పిల్లలకు చెప్పవా?" అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక అయిపోయి, అందరికీ పనికొచ్చేలా ఇక్కడ రాసి పెట్టాను. నేను వృత్తిరీత్యా యానిమేటర్‌ను కాను. బొమ్మలు గీయడం ఇష్టం, కోడు అవసరానికి సరిపడా వచ్చు. అందుకని ఇందులో చెప్పిన పద్ధతులన్నీ ఇంట్లో, డైనింగు టేబుల్ మీద, రాత్రి అంట్లు కడిగాక చేయగలిగినవే.

వాట్సాప్‌లో వచ్చే పండుగ వీడియోలకు, దీనికి తేడా ఏమిటి?

వీడియో తన పాటికి తాను నడిచిపోతుంది. దీన్ని చూసేవారు నడిపించాలి. ఇది నిజానికి ఒక చిన్న వెబ్ పేజీ. లింకు తెరవగానే కళ్లాపి చల్లిన వాకిలి, దాని మీద చుక్కలు కనిపిస్తాయి. వేలితో చుక్కల చుట్టూ తిప్పితే ముగ్గు పడుతుంది. ముగ్గు పూర్తి కాగానే హరిదాసు వాకిట్లోకి వచ్చి మోకాళ్ల మీద వంగుతాడు. తల మీది అక్షయపాత్రను తాకితే అందులో బియ్యం పడతాయి. ఆయన లేచి వెళ్లిపోతాడు, మనం రాసిన నాలుగు మాటలు కనిపిస్తాయి. మొత్తం ఒక నిమిషం లోపే.

భోగి మంట, గాలిపటాలు, గొబ్బెమ్మలు, అరిసెలు... అన్నీ పెట్టవచ్చు కదా?

నేనూ అలాగే అనుకున్నాను. మొదటి ఏడాది ఆరు ఆటలు పెట్టాను. గాలిపటం లాగవచ్చు, భోగిపళ్లు పోయవచ్చు, గంగిరెద్దును తలూపించవచ్చు, ఇంకా ఏవేవో. పండుగ రోజు పెద్దమ్మ ఫోను చేసి, "బాగుందమ్మా, కానీ ఎక్కడ నొక్కాలి?" అని అడిగింది. ఆరింటిలో ఆమె ఒక్కటీ చూడలేదు. తెర నిండా బొమ్మలు ఉండేసరికి అదంతా ఒకే పటం అనుకుంది.

అప్పటి నుంచి నా కార్డులో చేతికి పని ఒక్కటే. ముగ్గు వేయడం. హరిదాసు పాత్రను తాకడం దానికి కొసరు. ముగ్గునే ఎందుకు ఎంచుకున్నానంటే, దాన్ని ఎలా వేయాలో ఎవరికీ నేర్పనక్కర లేదు. చుక్కలు కనబడితే వేలు దానంతట అదే వెళుతుంది. "ఇక్కడ తాకండి" అని రాయాల్సి వచ్చిందంటే ఆ బొమ్మను ఇంకోసారి గీయాలని నేను అనుకుంటాను.

ఎన్ని చుక్కల ముగ్గు పెట్టాలి?

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. వాకిట్లో వేసే ముగ్గును ఫోనులోకి యథాతథంగా తేవాలని చూస్తారు. 15 చుక్కల సందు చుక్క ముగ్గు తీసుకోండి. నడుమ వరుసలో 15 పెట్టి, అటూ ఇటూ ఒక్కొక్కటి తగ్గించుకుంటూ 8 వరకు వస్తే మొత్తం 169 చుక్కలు. మామూలు ఆండ్రాయిడ్ ఫోను తెర వెడల్పును బ్రౌజర్ లెక్కలో 360 పిక్సెళ్లు అనుకుందాం. 15 చుక్కలు సర్దితే ఒక్కో చుక్కకు 24 దక్కుతాయి. వేలితో తాకే గుర్తుకు సుమారు 48 ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు చెబుతాయి. అంటే ఒక వేలి కింద రెండు చుక్కలు నలుగుతాయి.

అదే 7 చుక్కలు, 4 వరకు అయితే మొత్తం 37. ఒక్కో దానికి 51 పిక్సెళ్లు. వేలు హాయిగా తిరుగుతుంది. 11 చుక్కలు, 6 వరకు వేస్తే 91 అవుతాయి. అది టాబ్లెట్‌కు, కంప్యూటర్‌కు బాగుంటుంది, ఫోనుకు కాదు. పెద్ద ముగ్గు వేసి గొప్ప అనిపించుకునే చోటు వాకిలి. ఫోనులో చిన్న ముగ్గే అందం.

ఇంకో రెండు సంగతులు. చుక్క మీదుగానే వేలు పోవాలని పట్టు పట్టకండి. చుక్కల మధ్య దూరంలో సగం దగ్గరికి వచ్చినా ఆ చుక్కను లెక్కలోకి తీసుకోవాలి. అలాగే ఫలానా చుక్క నుంచే మొదలుపెట్టాలని నిర్బంధించకండి. మా ఇంట్లోనే అమ్మ నడుమ నుంచి మొదలుపెడుతుంది, అత్తయ్య పైనుంచి. ఎవరి చేయి వారిది.

వేలితో కిందికి గీస్తుంటే పేజీ జారిపోతోంది, ఒక్కోసారి మొదటికే వస్తోంది. ఎందుకు?

మీరు గీత గీస్తున్నారని బ్రౌజర్‌కు తెలియదు. పేజీని జరుపుతున్నారని అనుకుంటుంది. పైనుంచి కిందికి గట్టిగా లాగితే, పేజీని మళ్లీ తెరవమన్నారని అనుకుంటుంది. సగం వేసిన ముగ్గు చెరిగిపోతుంది. నా కార్డు పాడైపోయిందని మూడు ఇళ్ల నుంచి ఫిర్యాదులు వచ్చాక గానీ నాకిది తెలియలేదు. నా కంప్యూటర్‌లో మౌసుతో ఎంత గీసినా ఆ తప్పు కనిపించేది కాదు మరి. ముగ్గు ఉన్న భాగానికి సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడులో) టచ్-యాక్షన్ అనే లక్షణాన్ని 'నన్' (none) అని పెట్టండి, ఆ బాధ పోతుంది. పేజీ మొత్తానికి పెట్టవద్దు. అలా చేస్తే సందేశం పెద్దదైనప్పుడు కిందికి జరిపి చదివే వీలు ఉండదు.

గీత ప్లాస్టిక్ తీగలా కాక, నిజంగా ముగ్గుపిండితో వేసినట్టు కనిపించాలంటే?

నాకు బాగా నచ్చిన కిటుకు ఇది. కంప్యూటర్ గీతను పిండిలా మార్చడానికి తంటాలు పడకండి. నిజమైన ముగ్గే వేయండి. తడిపిన నల్లరాతి గచ్చు మీద గానీ నల్లటి గుడ్డ మీద గానీ పిండితో ముగ్గు వేసి, సరిగ్గా పైనుంచి, ఎండ నేరుగా పడకముందే ఫొటో తీయండి. ఆ ఫొటోను ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ముగ్గు గీత నడుమగుండా పెన్ను పనిముట్టుతో ఒక సన్నని గీత గీయండి. ఆ పనిని సాఫ్ట్‌వేర్‌కే వదిలేస్తే అది సాధారణంగా గీతకు రెండు అంచులనూ పట్టుకుంటుంది. మనకు కావలసింది నడిమి దారి.

ఆ దారిని ఎస్‌వీజీలో (గీతలను లెక్కలుగా దాచుకునే బొమ్మ ఫైలులో) ముసుగుగా వాడాలి. అంటే ఫొటో మొత్తం కప్పి ఉంటుంది, దారి పొడవునా ముసుగు తొలగిన మేరకే కింద పిండి కనబడుతుంది. వేలు ఎంత దూరం వెళ్లిందో దాన్ని బట్టి స్ట్రోక్-డాష్-ఆఫ్‌సెట్ (గీతలో ఇంకా దాచి ఉంచిన పొడవు) విలువను తగ్గిస్తూ పోతే, పిండి అప్పుడే చేతి నుంచి రాలుతున్నట్టు ఉంటుంది. దారికి పాత్-లెంగ్త్ (మొత్తం పొడవు) 1 అని పెట్టుకుంటే లెక్కలు సులువు, సగం వేస్తే 0.5.

మెలికల ముగ్గులో గీతలు ఒకదాన్నొకటి దాటే చోట, ముందే కొంచెం పిండి కనబడిపోతుంది. ముసుగు వెడల్పు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. మిగిలిన కాస్తనూ నేను పట్టించుకోను.

సెకనుకు ఎన్ని బొమ్మలు గీయాలి? 24 గీయాలంటున్నారు, అయ్యే పనేనా?

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు తిరుగుతాయన్నది నిజమే. కానీ చేత్తో గీసే యానిమేషన్‌లో చాలాకాలంగా ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు ఉంచడం వాడుక, అంటే సెకనుకు 12. నేను 8 దగ్గరే ఆగుతాను. కార్డుకు అది చాలు. పైగా కాస్త తడబడుతూ కదిలితేనే చేత్తో చేసినట్టు ఉంటుంది.

నా పోయినేటి కార్డులో మొత్తం 31 బొమ్మలే. హరిదాసు నడకకు 8, వంగడానికి 6 (లేచేటప్పుడు అవే వెనక్కి తిరుగుతాయి), బియ్యం పడటానికి 5, వాకిలి, తులసికోట, గుమ్మం ఒక్కోదానికి 3 చొప్పున 9, చివరి అక్షరాలకు 3. కదలని తులసికోటకు మూడెందుకని అడుగుతారు. ఒకే బొమ్మను మూడుసార్లు వేరువేరుగా గీసి, ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తే గీతలు సన్నగా వణుకుతాయి. బొమ్మకు ఊపిరి వస్తుంది. రెండే అయితే కళ్లు చెదిరేలా కొట్టుకుంటుంది, నాలుగో బొమ్మ అక్కర లేదు.

నడక గురించి ఒక మాట. నడక ఎలా గీయాలో చెప్పే పాఠాలన్నీ అడుగు అడుగుకూ తల పైకీ కిందికీ ఊగాలంటాయి. అలాగే గీశాను. చూస్తే నా హరిదాసు తల మీది పాత్రతో గెంతుతున్నాడు! నెత్తిన బరువున్న మనిషి నడుము, మోకాళ్లు ఊగుతాయి గానీ తల దాదాపు ఒకే ఎత్తులో సాగుతుంది. కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసుకుని, పాత్ర అడుగు ఎనిమిది బొమ్మల్లోనూ దాన్ని తాకేలా మళ్లీ గీశాను. చిడతలు పట్టిన చేయి మాత్రం ధారాళంగా ఊగవచ్చు.

గీయడానికి ఏమేమి సామాన్లు కావాలి?

పలుచటి తెల్ల కాగితాలు, మెత్తటి పెన్సిలు, నల్ల ఇంకు పెన్ను. కింది బొమ్మ కనబడటానికి వెలుగు పలక కొననక్కర లేదు. రెండు పుస్తకాల దొంతర్ల మీద గాజు పలక పెట్టి, కింద ఎల్‌ఈడీ దీపం ఉంచితే సరి. కాగితాలు జరగకుండా ఆఫీసు ఫైళ్లకు వాడే రెండు రంధ్రాల పంచ్‌తో అన్నింటికీ ఒకే చోట చిల్లులు వేసి, అట్టకు అతికించిన రెండు మేకులకు తగిలించండి. ఈ ఒక్క పని బద్ధకించారా, బొమ్మలన్నీ తెర మీద గంతులేస్తాయి.

ఫోనుతోనే ఫొటోలు తీయవచ్చు. ఫోకస్, వెలుగు, రంగుల సర్దుబాటు మూడింటినీ బిగించి ఉంచాలి. లేకపోతే ఫోను ప్రతి ఫొటోకూ తన తెలివి చూపిస్తుంది. కిటికీ పక్కన తీయవద్దు, మబ్బు వచ్చి పోతే సగం బొమ్మలు చీకటి. రాత్రిపూట రెండు దీపాలు అటొకటి ఇటొకటి పెట్టుకుని తీయండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. కొన్ని దీపాలు ఫొటోలో చారలు తెస్తాయి, షట్టరు వేగాన్ని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెడితే పోతాయి.

గంగిరెద్దును ప్రతిసారీ గీయలేను. వేరే దారి ఉందా?

ఉంది, మన తోలుబొమ్మల దారి. నిమ్మలకుంట కళాకారులు చేసే బొమ్మల్లో చేతులు, కాళ్లు, తల విడివిడిగా కత్తిరించి కీళ్ల దగ్గర దారంతో కలుపుతారు. బొమ్మ ఒక్కటే, భంగిమలు ఎన్నో. బసవన్నను అలాగే అట్ట మీద గీసి తల, మూపురం, కాళ్లు, తోక విడదీయండి. కీలు దగ్గర ఒక ముక్క మరో ముక్క కిందికి గుండ్రంగా చొచ్చుకుపోయేలా కత్తిరించాలి, లేకపోతే తలూపినప్పుడు మెడలో సందు కనబడుతుంది. మీద కప్పే రంగురంగుల గుడ్డలు ఇక్కడ వరం. కీళ్లన్నీ వాటి కింద దాచేయవచ్చు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ఉచితమైనవి చాలు. క్రితా, పెన్సిల్2డీ, ఓపెన్‌టూన్జ్‌లలో ఏదైనా యానిమేషన్‌కు, జింప్ ఫొటోలు శుభ్రం చేయడానికి, ఇంక్‌స్కేప్ ముగ్గు దారికి. సాఫ్ట్‌వేర్ ఎంపికలో వారం గడిపేవాళ్లను చూశాను. ఆ వారంలో హరిదాసు నడక అయిపోతుంది.

"సంక్రాంతి శుభాకాంక్షలు" ఒక్కో అక్షరమే వచ్చేలా చేస్తే గుణింతాలు, ఒత్తులు విడిపోతున్నాయి. ఏమి చేయాలి?

ఇంగ్లీషు అక్షరాల కోసం రాసిన కోడును తెలుగుకు వాడితే ఇంతే. మనకు 'క్రాం' ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు అది క, పొల్లు, ర, దీర్ఘం, సున్న అనే ఐదు ముక్కలు. వాటిని విడదీస్తే క పక్కన పొల్లు గీత, దిక్కులేని దీర్ఘం మిగులుతాయి. అక్షరాల హద్దులు కనిపెట్టే సదుపాయాలు కొత్త బ్రౌజర్లలో ఉన్నా, పాత ఫోన్లలో ఒత్తుల దగ్గర తడబడతాయి. పదానికి పదం వచ్చేలా చేయడం క్షేమం.

అంతకన్నా మంచి దారి, ఆ రెండు పదాలను చేత్తో రాయడం. అప్పుడు ముగ్గుకు వాడిన ముసుగు పద్ధతే దీనికీ పనికొస్తుంది. గీతల వరుస మాత్రం చేయి రాసే వరుసలోనే ఉండాలి. ముందు అక్షరం ఒళ్లు, తర్వాత తలకట్టు, ఆ తర్వాత ఒత్తు. తలకట్టు ముందు పడి కింద అక్షరం వస్తే, తప్పేమిటో చెప్పలేకపోయినా తెలుగు రాసే ప్రతివారికీ ఎక్కడో గుచ్చుకుంటుంది.

మిగతా సందేశానికి మండలి, సూరన్న, రామభద్ర, గిడుగు వంటి ఖతులు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. బరువు తగ్గించడానికి ఖతిలోంచి అక్షరాలు తీసేసేటప్పుడు, ఒత్తులు కలిపే నియమాలను కూడా తీసేయకుండా చూసుకోండి.

ఒక్కొక్కరి పేరుతో కార్డు రావాలంటే?

లింకు చివర పేరు చేర్చి, పేజీ దాన్ని చదివేలా చేయవచ్చు. కానీ తెలుగు లిపిలో పేరు పెడితే లింకు కొండవీటి చేంతాడు అవుతుంది. ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, ఒక్కో బైటుకు లింకులో మూడు అక్షరాలు. 'పెద్దమ్మ' అన్న మాటలో ఎనిమిది గుర్తులు ఉన్నాయి, లింకులో అవి 72 అక్షరాలవుతాయి. అందుకని నేను లింకు చివర ఒక చిన్న అంకె పెట్టి, ఏ అంకెకు ఏ పిలుపో పేజీలో రాసుకుంటాను. ఆ జాబితాను కాస్త తెలిసినవారు ఎవరైనా చూడగలరు కాబట్టి, అసలు పేర్లు కాక పెద్దమ్మ, బాబాయి, చిట్టి అత్తయ్య అనే పిలుపులే వాడతాను. కార్డులో అవే ముచ్చటగానూ ఉంటాయి.

పాట పెట్టాను, కార్డు తెరిస్తే వినిపించడం లేదు.

చూసేవారు తెరను తాకకముందే శబ్దం మోగించడాన్ని బ్రౌజర్లు ఆపేస్తాయి. క్రోమ్ 2018 నుంచి ఇలా చేస్తోంది. మంచి పనే చేసింది. ముగ్గుకు మొదటి చుక్క తాకినప్పుడు శబ్దం మొదలుపెట్టండి.

సినిమా పాటలు, ఇతరుల రికార్డింగులు వద్దు. మన దేశంలో రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది. అన్నమయ్య కీర్తన మీద ఎవరికీ హక్కు లేకపోయినా, దాన్ని ఎవరో పాడిన రికార్డు మీద ఉంటుంది. మీరే పాడండి. లేదా మీ వీధికి వచ్చే హరిదాసును అడిగి, కార్డులో వాడుకుంటానని చెప్పి, తగిన సంభావన ఇచ్చి నిమిషం పాటు రికార్డు చేసుకోండి. వెనకాల కుక్క మొరిగినా తీసేయకండి. శబ్దం ఆపే గుర్తు మాత్రం తప్పక ఉండాలి. ఆఫీసులో తెరిచేవారు ఉంటారు.

ఫైలు చిన్నదే, అయినా పాత ఫోన్లలో నత్తనడక నడుస్తోంది. ఎందుకు?

ఫైలు పరిమాణం వేరు, తెరిచాక ఫోను జ్ఞాపకశక్తిలో అది ఆక్రమించే చోటు వేరు. 400 వెడల్పు, 600 ఎత్తు ఉన్న ఎనిమిది బొమ్మలను పక్కపక్కన ఒకే పటంగా పెడితే 3200 × 600 అవుతుంది. ఒక్కో పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున దాదాపు 77 లక్షల బైట్లు. ఫైలు 200 కిలోబైట్లే అయినా ఇది తప్పదు. హరిదాసు తెర మీద ఎంత కనబడతాడో అంతకు రెండింతల కన్నా పెద్ద బొమ్మ వాడకండి. వాకిలి, ఆకాశం వంటి వెనక బొమ్మలను మరీ సూక్ష్మంగా ఉంచనక్కర లేదు. జిఫ్ జోలికి పోవద్దు. 1987 నాటి పద్ధతి అది, ఒక్కో ఫ్రేముకు 256 రంగులే. పెన్సిలు ఛాయలన్నీ మరకలవుతాయి.

తెలియని లింకు అని ఎవరూ తెరవడం లేదు!

తెరవకపోవడమే మంచిది. పెళ్లి శుభలేఖ పేరుతో ఏపీకే ఫైళ్లు (ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైళ్లు) పంపి ఖాతాలు దోచే మోసాలు జరుగుతున్నప్పుడు, మన పెద్దవాళ్లు జాగ్రత్తగా ఉన్నారని సంతోషించాలి. ముందు మీ గొంతుతో ఒక మాట పంపండి: "అత్తయ్యా, నేనే, ముగ్గు కార్డు పంపుతున్నాను." ఆ తర్వాత లింకు. కార్డు ఏ అనుమతీ అడగకూడదు, పేరు గానీ నంబరు గానీ రాయమనకూడదు, ఏదీ ఇన్‌స్టాల్ చేయమనకూడదు. కార్డు పేజీని గిట్‌హబ్ పేజెస్, నెట్లిఫై వంటి వెబ్ పేజీలు ఉంచే చోట్ల ఉచితంగా పెట్టవచ్చు. లింకుతోపాటు కనిపించే బొమ్మను 1200 × 630 కొలతలో చేసి, ముఖ్యమైనదంతా నడుమ ఉంచండి. కొన్నిచోట్ల అంచులు కత్తిరించి చూపిస్తారు. ఆ బొమ్మను మార్చినప్పుడు ఫైలు పేరు కూడా మార్చకపోతే పాతదే కనబడుతూ ఉంటుంది.

చేయి వణికేవారు, చూపు తక్కువైనవారు ముగ్గు ఎలా వేస్తారు?

చుక్కలను తాకకుండా ఎనిమిది సెకన్లు ఊరుకుంటే, ముగ్గు దానంతట అదే నెమ్మదిగా పడటం మొదలవుతుంది. నేను చేసిన మార్పులన్నింటిలో దీనికే ఎక్కువ మంది సంతోషించారు, పిల్లలతో సహా. ఫోనులో కదలికలు తగ్గించమని పెట్టుకున్నవారికి వణుకుడు గీతలు ఆపి నిలకడ బొమ్మ చూపించండి. ఆ సంగతి బ్రౌజర్ మీకు చెబుతుంది. భోగి మంట గీస్తే సెకనుకు మూడుసార్ల కన్నా ఎక్కువ మెరుపులు రానివ్వకండి, కొందరికి అది మూర్ఛ తెప్పిస్తుంది.

ఏ రోజు పంపాలి? అమెరికాలో ఉన్నవారికి?

సంక్రాంతి సాధారణంగా జనవరి 14న వస్తుంది, 2024లో వచ్చినట్టు ఒక్కోసారి 15న. తేదీని కోడులో శాశ్వతంగా బిగించకుండా ఏటా పంచాంగం చూసి మార్చండి. ఇక్కడ పొద్దున ఆరు గంటలంటే న్యూయార్క్‌లో ముందురోజు రాత్రి ఏడున్నర, కాలిఫోర్నియాలో మధ్యాహ్నం నాలుగున్నర. నా కార్డు చూసేవారి ఫోను గడియారాన్ని చదివి భోగి నాడు మంట, సంక్రాంతి నాడు ముగ్గు, కనుమ నాడు పశువుల అలంకారం చూపిస్తుంది. అందువల్ల అక్కడివారికి భోగి సాయంత్రమే అయితే మంటే కనబడుతుంది. "మీ కార్డు తప్పు, ఇంకా భోగి దగ్గరే ఉంది" అని మా తమ్ముడు అక్కడి నుంచి ఫోను చేశాడు. వాడి వాకిట్లో అప్పటికి భోగే మరి.

పండుగ అయ్యాక కార్డును తీసేయాలా?

ఉంచండి. కనుమ మర్నాడు నేను ముగ్గు బదులు రథం ముగ్గు పెట్టి, దాని తాడును తెర అంచు దాకా లాగి వదిలేస్తాను. ఆ తాడు చివర తాకితే మరుసటి ఇంటి కార్డు తెరుచుకుంటుంది, అక్కడి నుంచి ఇంకో ఇంటిది. పోయినేడు కార్డులు చేసిన ఇళ్లు నాలుగే. ఈ ఏడు మీరూ చేస్తే మీ వాకిలి లింకు పంపండి, తాడు కలుపుతాను.